ఖుద్దూస్ ఉస్తాద్ ఎర్రచుక్క

కాల్చింది అట్టబొమ్మనే. అయినా ఎస్సై మంజీరకు రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు.

ప్రముఖుల వెంట రక్షణగా వెళ్లే దళంలోకి ఆమెను కొత్తగా తీసుకున్నారు. నడుముకు పెట్టుకునే పిస్టల్ మీద బొటనవేలంత అద్దం బిగించి ఇచ్చారు. అందులోకి చూస్తే ఎర్రచుక్క కనిపిస్తుంది. చుక్క ఎక్కడుంటే తూటా అక్కడికే. మంజీర తూటాలన్నీ ఒకే కన్నంలోంచి దూరిపోతుంటే తోటివాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు.

ఆ సంబరంలోనే ఆమె నోరు జారింది.

"ఉస్తాద్, ఇంకో పదేళ్లయితే తుపాకే గురి చూసుకుంటది. అప్పుడు మీరేం నేర్పుతరు?"

ఖుద్దూస్ ఉస్తాద్ తుపాకీ చప్పుడుకే చెవులు మూసుకున్న పిల్లను చెయ్యి పట్టి ఇంతదాన్ని చేసినవాడు. ఇంకొకడైతే నొచ్చుకునేవాడే. ఆయన నెరిసిన గడ్డం నిమురుకుని, "అప్పుడు జెప్త బేటీ" అని నవ్వేశాడు.

ఆ వారమే పరీక్ష వచ్చింది. అటు తిరిగి నిలబడ్డ అట్టబొమ్మ చటుక్కున ఇటు తిరుగుతుంది. చేతిలో ఆయుధముంటే కాల్చాలి, లేకుంటే ఆగాలి. బొమ్మ తిరిగింది. చుక్క గుండె మీదికి వచ్చింది. మంజీర కాల్చింది.

దగ్గరికి వెళ్లి చూస్తే దెబ్బ సరిగ్గా గుండెకే తగిలింది. బొమ్మ చేతిలో ఉన్నది మాత్రం టిఫిన్ డబ్బా.

ఎవరూ తిట్టలేదు. ఇంకోసారి అవకాశమిస్తామన్నారు. తిట్టినా బాగుండేది. వాళ్ల నాన్న బతికున్నన్నాళ్లూ అలాంటి డబ్బా పట్టుకునే మిల్లుకు పోయాడు మరి.

మూడో రోజు మధ్యాహ్నం పిస్టల్ తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టింది.

"నాకొద్దు ఉస్తాద్. మళ్ల మా స్టేషన్‌కే పోత."

ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పిస్టల్ ఖాళీ చేసి, మళ్లీ ఒకసారి చూసుకుని, చిన్న స్క్రూడ్రైవర్‌తో అద్దం ఊడదీశాడు. పిస్టల్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. అద్దానికి ముందువైపు నల్లటి టేపు అంటించి దాన్ని ఆమె చేతికిచ్చాడు.

"చూడు."

"ముందుదిక్కు మూసేస్తిరి గద! చుక్క తప్ప ఏం కనబడ్తలేదు."

"ఒక కన్ను మూసి చూస్తున్నవ్. రెండోది గూడ తెరువు."

ఆ మాట అని ఉస్తాద్ తన టిఫిన్ డబ్బా తీసుకుని ఎండలో కుంటుకుంటూ బొమ్మల వరసదాకా నడిచాడు. తూట్లు పడ్డ బొమ్మ పక్కనే నిలబడి, "చుక్క నా మీద పెట్టు!" అని కేకేశాడు.

చేతిలో ఉన్నది ఉత్త అద్దమే. అయినా మంజీరకు చెయ్యి రాలేదు. ఆయన మళ్లీ కేకేస్తే మెల్లగా ఎత్తింది.

రెండు కళ్లూ తెరిచింది. ఒక కంట్లో చుక్క, రెండో కంట్లో ఉస్తాద్. ఏం జరిగిందో ఏమో, రెండూ కలిసిపోయాయి. చుక్క వెళ్లి ఆయన గుండె మీద కూచుంది.

అప్పుడు కనిపించాయి ఆమెకు. చొక్కాకు ఊడబోతున్న గుండీ. పిడి విరిగిన డబ్బాకు కట్టిన సుతిలి తాడు. అంత దూరం నడిచినందుకే ఎగిసిపడుతున్న రొమ్ము. ఉస్తాద్ ఇంత ముసలాడయ్యాడని ఆమె ఎప్పుడూ గమనించనే లేదు. చెయ్యి దానంతటదే దిగిపోయింది.

ఆయన తిరిగొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"చుక్క ఏడుండె?"

"ఏమో ఉస్తాద్... చుక్కను చూడలే. మిమ్మల్నే చూసిన."

ఉస్తాద్ డబ్బా విప్పి, మూతలో సగం ఖిచిడీ పెట్టి ఆమె ముందుకు జరిపాడు.

"పదేళ్లకు ఏం నేర్పుతరని అడిగినవ్ గద బేటీ. ఇదే నేర్పుత," అన్నాడు. "తిను. తిన్నంక అద్దం మళ్ల బిగిద్దాం."

మంజీర కళ్లు తుడుచుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది.