వెల కట్టని చేపలు

సముద్రపుటొడ్డున ఒక రాజ్యంలో కొత్త చట్టం వచ్చింది. ధరల అధికారి వచ్చి వెల కట్టేదాకా సంతలో ఎవరూ చేపలు అమ్మకూడదు. ఆయన భోంచేసి, కునుకు తీసి, పొద్దువాలాక వచ్చేవాడు. అప్పటికి సరుకంతా కుళ్ళిపోయేది. చేపలమ్మే నూకాలు రోజూ ఆ చేపల్ని ఇసకలో పాతిపెట్టి, పళ్ళు నూరుకుంటూ ఇంటికెళ్ళేది.

ఒకనాడు రాజుగారింట విందు. వంటవాడు తెల్లవారుతూనే చేపల కోసం పరిగెత్తుకొచ్చాడు.

"చట్టం రాజుగారికైనా చట్టమే. అధికారిని రానీ బాబూ," అంది నూకాలు. పక్కవాళ్ళూ గంపలు మూసేశారు.

సాయంత్రం ఆమె గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళి విందు మధ్యలో దించింది. అతిథులు ముక్కులు మూసుకున్నారు.

"పొద్దున ఎగిరిపడుతున్న చేపలే ప్రభూ. మీ అధికారి ఇప్పుడే వెల కట్టాడు."

రాజు మండిపడ్డాడు. "అడిగేవాడు లేకపోతే మీరు జనాన్ని దోచుకోరా?"

నూకాలు కోపంగా అంది, "నేను ఎక్కువడిగితే పక్క గంప దగ్గరికి పోతారు. మీ అధికారి తప్పు చేస్తే ఊరంతా ఎక్కడికి పోవాలి?"

రాజు అతిథుల ముందున్న ఉత్త పప్పన్నం వైపు చూశాడు. ఆ పూటే చట్టం రద్దు చేశాడు. ఇన్నాళ్ళూ మట్టిపాలైన సరుకు తలుచుకుని, నూకాలు దణ్ణమైనా పెట్టకుండా వెళ్ళిపోయింది.