టేకాకుల మీద ఉత్తరాలు

తునికికోన అడవిలో జింకలు, కుందేళ్ళు, ముంగిసలు, అడవిపందులు కలిసి బతికేవి. చెట్టు చెట్టుకీ పిట్టలుండేవి. ఆ అడవిలోనే చురుకి అనే ముళ్ళపంది పిల్ల కూడా ఉండేది.

చురుకికి అడవంతా తిరగడం ఇష్టం. చూసింది చెప్పడం ఇంకా ఇష్టం. కానీ నలుగురిలో నోరు విప్పాలంటే సిగ్గు. అందుకని రాలిన తన ముల్లు ఒకటి తీసుకుని టేకాకు మీద గీకి రాయడం మొదలుపెట్టింది. ఇప్పపూలు ఎక్కడ రాలాయో, ఏ వాగులో నీరు తగ్గిందో, ఏ దారికి ముళ్ళకంప అడ్డం పడిందో రాసేది. వారానికి ఒక ఉత్తరం. అడిగినవాళ్ళకే పంపేది. ఉడతలు తీసుకెళ్ళి ఇచ్చేవి.

మొదట్లో అడిగినవాళ్ళు ఏడుగురే.

మద్దిచెట్టు చిటారుకొమ్మన ఒక గోరువంక ఉండేది. రోజూ గొంతెత్తి కబుర్లు చెప్పేది. అవి నిజమో కాదో దానికి పట్టదు. కింద గుంపు పెరిగితే చాలు.

"ఏడుగురి కోసం ఇంత రాతా? నా చెట్టు కింద చూడు, ఇసకేస్తే రాలనంత మంది!" అని గోరువంక నవ్వింది.

"ఆ ఏడుగురూ అడిగి మరీ తెప్పించుకుంటున్నారు మామా. ఒక్కరోజు ఆలస్యమైతే ఏమైందని కబురు పంపుతారు," అంది చురుకి.

ఒక వారం చురుకి పొరపాటు చేసింది. ఉత్తర దిక్కు గట్టున ఉసిరికాయలు విరగ్గాశాయని ఎవరో అంటే, వెళ్ళి చూడకుండానే రాసేసింది. ఆ ఏడుగురిలో ఒకరైన కుందేలు అత్త పిల్లల్ని వెంటేసుకుని ఎండలో అంత దూరం నడిచింది. అక్కడ ఒక్క కాయ లేదు.

ఆ సంగతి తెలిసి చురుకికి రెండు రోజులు తిండి సహించలేదు. ఇక నా ఉత్తరం ఎవరూ చదవరు అనుకుంది. అయినా తర్వాతి ఆకు మీద మొదటి మాటే ఇలా రాసింది: "పోయిన వారం చూడకుండా రాశాను. తప్పు నాది. ఇకపై నా కళ్ళతో చూసిందే రాస్తాను."

కుందేలు అత్త ఆ ఆకు చదివి ఉడతతో, "మా చెల్లెలికి కూడా ఒకటి పంపమను," అంది. చెల్లెలు తోడికోడలికి చెప్పింది. ఆమె జింకలకు చెప్పింది. ఏడుగురు నూరుమందయ్యారు. చదివినవాళ్ళు జవాబులు పంపేవారు. వాళ్ళు చెప్పిన సంగతులను చురుకి వెళ్ళి చూసుకుని, వాళ్ళ పేరు పెట్టి మరీ రాసేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగులన్నీ ఇంకిపోయాయి. జింకపిల్లలు దాహంతో సొమ్మసిల్లుతున్నాయి.

"నల్లమడుగులో నీళ్ళు పొంగిపొర్లుతున్నాయి!" అని గోరువంక చెట్టెక్కి అరిచింది. అది అక్కడికి వెళ్ళిందీ లేదు, చూసిందీ లేదు. మర్నాడే బయలుదేరాలని జింకల మంద నిర్ణయించుకుంది.

చురుకి అప్పటికప్పుడు నల్లమడుగుకు పరుగెత్తింది. పైన పలచగా నీళ్ళు మెరుస్తున్నాయి. ఒక రాయి దొర్లించి చూసింది. రాయి బురదలోకి గుటుక్కున దిగిపోయింది. ఊబి అని తెలిసి చురుకి వెనక్కి జరిగింది. తిరిగి వస్తుంటే కొండరాళ్ళ మొదట్లో పచ్చగడ్డి కనిపించింది. అడుగున తడి ఉండాలనుకుని కాళ్ళు నొప్పెట్టేదాకా తవ్వింది. నీరు ఊరింది. అది తియ్యటి నీరు.

ఇంటికి రాగానే రాయడానికి కూర్చుంది. "నల్లమడుగులో ఉన్నది ఊబి. దిగకండి. కొండరాళ్ళ కింద నీరుంది. తాగి వచ్చి రాస్తున్నాను." మర్నాడు తెల్లవారేసరికి ఉడతలు ఆకులన్నీ పంచేశాయి.

జింకల పెద్ద ఎటూ తేల్చుకోలేకపోయింది. "ఎవరి మాట నమ్మాలి?" అంది.

"తప్పు రాస్తే తప్పని ఒప్పుకున్న పిల్ల ఇది. చూశానందంటే చూసే ఉంటుంది," అంది కుందేలు అత్త.

మంద కొండరాళ్ళ వైపు తిరిగింది. గోరువంకకు తల కొట్టేసినట్లయింది. "నీళ్ళున్నాయో లేవో నేనే చూపిస్తా!" అంటూ నల్లమడుగు మీద వాలింది. కాళ్ళు కూరుకుపోయాయి. రెక్కలు బురదకు అతుక్కుపోయాయి. దాని కేకలు విని అడవిపందులు కొమ్మ అందించి బయటికి లాగాయి. ఆ తర్వాత మద్దిచెట్టు కింద ఎవరూ నిలబడలేదు.

కొన్నాళ్ళకు గోరువంకే చురుకి దగ్గరికి వచ్చింది. "నాకూ ఒక ఉత్తరం పంపుతావా అమ్మా?" అని మెల్లగా అడిగింది.

"తప్పకుండా మామా. నేనేమైనా తప్పు రాస్తే నువ్వు చెప్పాలి," అంది చురుకి.

వానలు పడ్డాక పిల్లలు కొందరు చురుకి దగ్గరికి వచ్చారు. "మేమూ రాస్తాం అక్కా," అన్నారు.

"ఎవరికి రాస్తారు?"

"అడవంతటికీ!" అని చాలామంది ఒక్కసారిగా అరిచారు.

ముంగిస పిల్ల మాత్రం, "నేను మా అమ్మమ్మకి రాస్తాను. తనకి కళ్ళు కనపడవు. రాసి, నేనే చదివి వినిపిస్తాను," అంది.

చురుకి దాన్ని దగ్గరికి పిలిచి, ముందుగా దానికే ఒక టేకాకు ఇచ్చింది.

నీతి: గుంపును పోగెయ్యడం గొప్ప కాదు, చూసిందే రాసి, తప్పును ఒప్పుకుని, ఒక్కరు చదివినా శ్రద్ధగా రాసేవారికే నమ్మకం దక్కుతుంది.