పుచ్చు బాన

అలసందల బాన మూతికి మెత్తిన మట్టి పగలగొట్టగానే మౌలాలి లోపలికి తొంగి చూశాడు. గింజలు పైకి నిండుగానే ఉన్నాయి. కానీ చాలా గింజల మీద తెల్లటి చుక్కల్లా గుడ్లు. చెయ్యి పెడితే వేళ్ల సందుల్లోంచి పెంకు పురుగులు బిలబిలా పాకి వచ్చాయి.

కొండ కింది పల్లెలో నలభై ఇళ్లు. పంట రాగానే ఇంటికింత విత్తనం తెచ్చి దర్గాలో దాచడం, తొలి వాన పడ్డాక తీసుకుపోవడం వాళ్ల ఆనవాయితీ. ఇంట్లో పెట్టుకుంటే ఆకలికి వండుకుని తినేస్తామని భయం. ఆ సంవత్సరం బానల కాపలాను లాల్ ఫకీరు శిష్యుడు మౌలాలి తనంతట తానే అడిగి తీసుకున్నాడు.

మనిషికి శుభ్రం పిచ్చి. గింజలన్నీ ఎండబెట్టాడు, ఒక్కొక్కటే ఏరాడు, మూతులకు ఎర్రమట్టి మెత్తాడు. గది మూలలో ఫకీరు ఏళ్ల తరబడి ఉంచుకున్న పుచ్చు అలసందల బాన ఒకటి ఉండేది, మూతికి పలచటి గుడ్డ కట్టి. పవిత్రమైన చోట ఈ కుళ్లేమిటని దాన్ని మోసుకుపోయి పెరటి గోడ వెనక పెట్టేశాడు. గురువును అడగాలని తోచనే లేదు.

ఇప్పుడు పురుగుల బాన ముందు అతను నిలబడి ఉండగానే వాకిట్లోంచి పల్లెలోని సుంకమ్మ కేకేసింది. "అన్నా, మా విత్తనం బాగుండాదా? అది పోతే ఈ ఏడు చేలో ఏసేదానికి ఇంకో గింజ లేదు."

మౌలాలి నేరుగా గురువు దగ్గరికి పరిగెత్తాడు.

"హజ్రత్, నేనేం తప్పు చేసినాను? ఒక్క పుచ్చు గింజ కూడా పడనీలేదే!"

ఫకీరు పెరటి గోడ వెనక్కి వెళ్లి పుచ్చు బానను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి గది మధ్యలో పెట్టాడు. మిగతా వాటి మట్టి కూడా కొట్టేసి, అన్నిటికీ అలాంటి పలచటి గుడ్డలే కట్టించాడు.

"చెవి పెట్టి విను," అన్నాడు.

మిట్టమధ్యాహ్నం. బయట ఆకు కూడా కదలడం లేదు. మౌలాలి ఒక విత్తనాల బానకు చెవి ఆనించాడు. లోపల సన్నగా, ఎడతెగకుండా కరకరమని చప్పుడు. అది గింజల మధ్య నుంచి కాదు, గింజల లోపల్నుంచి వస్తోంది. చటుక్కున తల వెనక్కి తీసుకున్నాడు.

పుచ్చు బాన మీది గుడ్డ కదులుతోంది. పెంకు పురుగులు కింద నుంచి తలలతో పొడుస్తున్నాయి, పట్టక ఆగిపోతున్నాయి. వాటి పక్క నుంచే చీమకన్నా చిన్న నల్లటి కందిరీగలు దారాల సందుల్లో దూరి బయటికొచ్చి, పక్క బానల్లోకి దూరుతున్నాయి.

ఫకీరు అరచేతిలో ఒక గింజ పట్టాడు. కందిరీగ ఒకటి దాని మీద వాలి, మీసాలతో అక్కడా ఇక్కడా తట్టింది. లోపలి చప్పుడు వింటున్నట్టే ఉంది. ఒకచోట ఆగి, తోక ముల్లు గింజలోకి దించింది.

రోజూ వినమన్నాడు ఫకీరు. మౌలాలి విన్నాడు. చప్పుడు రోజురోజుకూ సన్నగిల్లింది. నెల తిరిగేసరికి ఏమీ వినిపించలేదు. చప్పుడుకన్నా ఆ నిశ్శబ్దమే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

ఫకీరు ఒక గింజను గోటితో చీల్చి చూపించాడు. లోపల పురుగు వట్టి తోలై ఉంది. దాని పక్కనే తెల్లగా, కాళ్లు ముడుచుకుని కందిరీగ పిల్ల. దానికి కళ్లు మాత్రం అప్పుడే నల్లబడ్డాయి.

"గింజను పురుగు తింటాండె. పురుగును ఇది తినింది," అన్నాడు ఫకీరు.

తొలి వాన పడింది. పోయిన గింజలు పోగా నలభై ఇళ్లకూ సరిపడా విత్తనం మిగిలింది. అందరికన్నా ముందు సుంకమ్మ కొంగు పట్టింది.

"నీ చలవే అన్నా! మా పిల్లోళ్లు నీ పేరు చెప్పుకొని తింటారు."

మౌలాలి ముఖం వెలిగిపోయింది. సేరు నిండా గింజలు ముంచుతూ అన్నాడు. "ఊరికే దక్కిందా అక్కా? నెల దినాలు నిద్ర మాని కాసినా. ఇంకొకరైతే మీ విత్తనం మట్టే."

గోడ వారగా కూర్చున్న ఫకీరు లేచి వచ్చాడు. మౌలాలి గుండెకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

"ఏముంది హజ్రత్?" అన్నాడు మౌలాలి.

"మొదలైంది," అన్నాడు ఫకీరు.

మౌలాలి సేరు కింద పెట్టి, ఊపిరి బిగబట్టి విన్నాడు. నిజంగానే తన గుండె లోపల్నుంచి సన్నగా కరకరమని వినిపించింది.