బెత్తెడు శత్రువు

ఏడు రోజులు పోరాడి గెలిచిన రత్నగిరి రాజు, ఆ యుద్ధాన్ని తోలుబొమ్మలాటగా కట్టమని బొమ్మలాటగాడు ఓబళయ్యకు చెప్పాడు. తీరా బొమ్మలు చూసి మండిపడ్డాడు.

"శత్రువు నా అంత ఎత్తా? కోసెయ్! లేదంటే నీ బొమ్మలన్నీ పొయ్యిలో పెట్టిస్తా!"

ఓబళయ్య శత్రువు బొమ్మను బెత్తెడుకు కోసేశాడు.

ఆటనాడు తెర మీద నిలువెత్తు రాజు కత్తి దూశాడు. ఎదురుగా బెత్తెడు శత్రువు.

"ఈ బుడంకాయతోనా ఏడు రోజులు యుద్ధం?" అని ఓ ముసలమ్మ అరిచింది. జనం పడీపడీ నవ్వారు.

రాజు తెర వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేశావురా?"

"తమరు చెప్పిందే, ప్రభూ. శత్రువును కోస్తే తమరి గెలుపూ తెగిపోయింది. మళ్లీ పెద్ద బొమ్మ చెయ్యనా?"

రాజు గొంతు తగ్గించాడు. "చెయ్యి. నాకన్నా జానెడు ఎత్తే ఉండనీ."