ఉప్పుటేరు పేట ఖాళీ అయిన రోజు

పరదేశి గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "ఈ ప్రశ్న నీకు ఏ వీధిలో తగిలింది?" అని అడిగేవారు. పుస్తకంలో తగిలిందంటే, అయితే పుస్తకాన్నే అడగమని నవ్వి ఊరుకునేవారు. వీధి పేరు చెప్పినవాడిని మాత్రం దగ్గర కూర్చోబెట్టుకునేవారు.

ఆ రోజు ఆ భాగ్యం దామోదరానికి దక్కింది. ఆయన శిష్యులం మా అందరిలోకీ చదువుకున్నవాడు, మెత్తటివాడు. వాళ్ళ వార్డులో మంచినీళ్ళ కోసం, వీధి దీపాల కోసం మునిసిపాలిటీతో కలిసి పనిచేయడానికి ఒక కమిటీ వేసి, అందులో ఇతణ్ణి పెట్టారు. మూడు సమావేశాలకు వెళ్ళాడు. నాలుగోదానికి రాజీనామా కాగితం పంపేసి తిన్నగా గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"అక్కడ ఎవరూ ఎవర్నీ నమ్మరండీ," అన్నాడు. "అధికారి ఏ కాగితం తెచ్చినా జనం దాన్ని తిరగేసి వెనక ఏముందో చూస్తారు. జనం ఏది అడిగినా, వీళ్ళ వెనక ఎవరున్నారా అని అధికారి చూస్తాడు. మనసులో ఇంత విషం పెట్టుకుని పక్కపక్కన కూర్చుని చేసేది మంచి పని ఎలా అవుతుంది? ముందు నమ్మకం కుదరాలి, ఆ తర్వాత కదా పని?"

గురువుగారు అతణ్ణి దగ్గర కూర్చోబెట్టుకున్నారు. తర్వాత, తాను ఈ కొండ కింది ఊరికి రాకముందు, ముప్ఫై ఏళ్ళ వయసులో, సముద్రం ఒడ్డున ఒక పట్నంలో ఉన్నప్పుడు జరిగిన సంగతి చెప్పారు. అందులో ఆయనకు గౌరవం తెచ్చేది ఏమీ లేదు. అయినా ఏదీ దాచలేదు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

ఉప్పుటేరుకీ ఐసు ఫ్యాక్టరీకీ మధ్య ఎనభై రెండు గడపల పేట మాది. చేపలు పట్టేవాళ్ళు, వాటిని ఎండబెట్టి అమ్మేవాళ్ళు ఉండేవారు. నేను పిల్లలకు చదువు చెబుతూ, పెద్దలకు అర్జీలు రాసిపెడుతూ ఉండేవాణ్ణి. ఆ నేలకు ఎవరి దగ్గరా పట్టా లేదు. ఇస్తామని ప్రతి ఎన్నికలకీ చెప్పేవారు. ఎన్నికలు లేని ఏడాది టేపులు పట్టుకుని కొలవడానికి వచ్చేవారు. కాబట్టి చేతిలో టేపు ఉన్నవాణ్ణి చూస్తే మా పేటలో కుక్కలు కూడా మొరిగేవి.

ఐసు చేయడానికి ఫ్యాక్టరీలో అమ్మోనియా వాడతారు. పేటలో దాన్ని గేసు అనేవారు. ఒక వేసవిలో ఏదో గొట్టం పగిలి గేసు పేట మీదికి వచ్చింది. కళ్ళల్లో కారం చల్లినట్టయింది. గాలి మళ్ళింది గనక మేము బతికాం. గట్టు మీద కట్టేసిన మేకలు అయిదు చచ్చిపోయాయి. ఆ మర్నాడే నేను మునిసిపాలిటీకి అర్జీ రాశాను. ఎనభై రెండు ఇళ్ళ వేలిముద్రలూ దాని కింద పడ్డాయి. గేసు వస్తే మేము ఎటు పోవాలో చెప్పండి, మేము తప్పించుకునే ఏర్పాటు చేయండి అన్నది దాని సారాంశం.

అర్జీ పది నెలలకు కదిలింది. రఘోత్తమరావు అనే అధికారి, వెంట ఒక ఫోటోగ్రాఫరుతో, వలలు ఆరేసే చోటికి వచ్చి మమ్మల్ని కూడేశాడు. వచ్చే మంగళవారం పొద్దున పదింటికి ఫ్యాక్టరీ కూత వేస్తుందనీ, గేసు వచ్చిందనే అనుకుని అందరూ పన్నెండు నిమిషాల్లో ఇళ్ళు వదిలి బడి మైదానానికి చేరాలనీ చెప్పాడు. జనం తలలూపారు.

"ఇంకొక్క సంగతి," అన్నాడు. "తలుపులకు తాళాలు వేయకూడదు. తాళం వేసిన ఇంట్లో మనిషి ఉన్నదీ లేనిదీ మా సిబ్బందికి ఎలా తెలుస్తుంది?"

తలలు ఊగడం ఆగిపోయింది.

కారణం ఉంది. ఆరేళ్ళ కిందట ఓటరు కార్డులకు ఫోటోలు తీస్తామని ఇదే మునిసిపాలిటీ వాళ్ళు మమ్మల్ని ఇదే బడి మైదానానికి పిలిచారు. ఫోటోలు తీయించుకుని తిరిగొచ్చేసరికి ఏటి ఒడ్డు వరసలో పదకొండు ఇళ్ళు లేవు. రోడ్డు వెడల్పు చేశామన్నారు. ఆ పదకొండింటిలో ఒకటి అసిరమ్మది. ఆవిడ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి. భర్త పోలయ్యకు పక్షవాతం. ఇల్లు పోయాక మా సందు చివర, ఫ్యాక్టరీ గోడకు తాటాకులు ఆనించుకుని అందులోనే కాపురం పెట్టింది.

ఆవిడ లేచింది.

"మేం తలుపులు తెరిసి ఒగ్గేసి ఎల్తాం బాబూ. మరి మీరేటి ఒగ్గేసి వస్తారు?"

"మేమా? మేము వదలడానికి ఏముంటుందమ్మా? ఇది మీ మంచికే కదా. అర్జీ పెట్టుకున్నది మీరే."

"పెట్టినాం. ఇళ్ళు ఖాళీ సేస్తామని పెట్టనేదు."

అధికారికీ అనుమానం ఉందని నాకు తర్వాత తెలిసింది. కూత విని మేము ఇళ్ళలోనే కూర్చుని, ఆ పైన పత్రికల వాళ్ళను పిలిచి, ఈయన అంతా కాగితాల మీదే చేశాడని చెబుతామని ఆయన భయం. అందుకే ఫోటోగ్రాఫరు. మేము ఆ కెమేరాను చూసి, మా ఇళ్ళ ఫోటోలు తీసి ఆక్రమణలని కోర్టులో చూపిస్తారని అనుకున్నాం.

అరగంట గొడవ అయ్యాక అసిరమ్మే ఒక దారి చెప్పింది. ఇళ్ళు చూడటానికి మునిసిపాలిటీ మనిషీ పేట మనిషీ జంటగా తిరగాలి. ఇద్దరూ చూసిందే, ఇద్దరూ ఒప్పుకున్నదే కాగితం మీదికి ఎక్కాలి.

"అంటే నా సిబ్బంది మీద మీకు నమ్మకం లేదన్నమాట," అన్నాడు రఘోత్తమరావు.

"నేదు బాబూ," అంది ఆవిడ, అందులో దాచుకోవలసింది ఏముందన్నట్టు.

నాలుగు సందులకు నాలుగు జంటలు కుదిరాయి. మా సందుకు అసిరమ్మ, కూర్మయ్య అనే జవాను. ఆ పదకొండు ఇళ్ళూ కూల్చిన రోజున బుల్డోజరు ముందు ఎర్రజెండా పట్టుకుని నడిచింది ఆ కూర్మయ్యే. ఆవిడకు అది తెలుసు. అడిగి మరీ అతణ్ణే వేయించుకుంది.

మంగళవారం వచ్చింది. తొమ్మిదిన్నరకు పేటలో ఒక కబురు పాకింది. రైలు గేటు దగ్గర బుల్డోజరు నిలబడి ఉందట. నిజంగానే ఉంది. కాలవ పూడిక తీయడానికి తెచ్చారని తర్వాత తెలిసింది కానీ, ఆ పూట వెళ్ళి అడిగినవాడు లేడు. ఇంటికొకరు లోపలే ఉండిపోవాలని, ఎవరూ పైకి అనకుండానే చాలామందిమి అనుకున్నాం. నేనూ అనుకున్నాను. నా ఇంట్లో ఉన్నది రెండు చాపలు, ఒక కట్ట పలకలు. అయినా కూత వినబడగానే వంటింటి మూల గంపల వెనక చేరి కూర్చున్నాను. ఆ నిమిషంలో నా మనసులో గేసు లేదు, అర్జీ లేదు. చక్రాల చప్పుడు వస్తుందా అని చెవులు రిక్కించుకుని ఉన్నాను.

వచ్చింది రెండు జతల అడుగుల చప్పుడు. "ఇందులో ఎవరూ నేరు," అని కూర్మయ్య గుమ్మంలోంచి కేక వేశాడు.

"సూసి అన్నావా, సూడకుండా అన్నావా?" అంటూ అసిరమ్మ లోపలికి వచ్చి గంప లాగింది. లాగేసరికి నేను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "అర్జీ రాసిందీ నువ్వే, నక్కిందీ నువ్వేనా పంతులూ?"

నేను గంపల మధ్య నుంచి లేచి నిలబడ్డాను. కూర్మయ్య కాగితం మీద ఒక గీత పెట్టాడు. "నిజం గేసయితే ఈయన సచ్చిపోయినట్టే," అన్నాడు, నాతో కాదు, కాగితంతో.

నన్ను వెంటబెట్టుకుని ఇద్దరూ సందంతా తిరిగారు. సగం ఇళ్ళలో ఎవరో ఒకరు దొరికారు. మంచం కింద ఒకరు, దొడ్డిలో వల కప్పుకుని ఒకరు. ప్రతి ఇంటి దగ్గరా అతను గుమ్మంలో ఆగడం, ఆవిడ అతణ్ణి లోపలికి తరమడం. చివరికి ఆవిడ గుడిసె వచ్చింది. అక్కడ ఆవిడ అడుగు తడబడింది.

"ఇందులో ఎవరూ నేరు. పద," అంది.

కూర్మయ్య కదల్లేదు. "ఇందాకణ్ణించి ఒక్క ఇంటికాడా నా మాట నమ్మనేదు కదప్పా. నీ మాట నానెందుకు నమ్మాల?"

తడక తీశాడు. లోపల పోలయ్య మంచం మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

అసిరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది. తర్వాత, "పన్నెండు నిమిషాల్లో ఈ మనిషిని నానొక్కదాన్నీ ఎలా మొయ్యగల్ను?" అంది. ఆ గొంతు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. "మొగుణ్ణి ఒగ్గేసి పారిపోయిందంటారు నలుగురూ. ఎవరూ నేరని సెప్పడమే నయమనుకున్నాను."

కూర్మయ్య కాగితం జేబులో పెట్టి, మంచం ఒక కొసన చేతులు వేశాడు. "పంతులుగారూ, అటేపు పట్టండి."

ముగ్గురం మంచంతో సహా ఎత్తాం. బడి వెనక గోడ మా పేటను ఆనుకునే ఉండేది, కానీ దానికి దారి లేదు. ఫ్యాక్టరీ గేటు ముందు నుంచి చుట్టు తిరిగి వెళ్ళాలి. రోజూ నడిచే దారే గనక ఎవరూ ఆలోచించలేదు. మంచం మోసుకుంటూ సరిగ్గా ఆ గేటు ముందుకు వచ్చాక అసిరమ్మ ఆగిపోయింది.

"గేసు నుంచి పారిపోడానికి గేసు గుమ్మంలోంచి ఎల్లాలా?"

కూర్మయ్య గేటు వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. మేము మైదానం చేరేసరికి ముప్ఫై నాలుగు నిమిషాలు పట్టింది.

అక్కడ రఘోత్తమరావు అప్పటికే నివేదిక రాసేశాడు. అసిరమ్మ దాన్ని నా చేతికి ఇప్పించి పైకి చదవమంది. 'ఎనభై రెండు ఇళ్ళవారూ పన్నెండు నిమిషాల్లో పూర్తిగా ఖాళీ చేశారు' అని ఉంది.

"అబద్ధం," అంది ఆవిడ.

"అమ్మా, మొదటిసారి కదా," అన్నాడు అధికారి గొంతు తగ్గించి. "ఉన్నదున్నట్టు రాస్తే పైవాళ్ళు నన్నూ అడుగుతారు, మిమ్మల్నీ అడుగుతారు. అర్జీ పెట్టి ఇళ్ళలో ఎందుకు నక్కారంటే ఏం చెప్పుకుంటారు?"

జనం తలలు దించుకున్నారు. ఆయన చెప్పింది మాకూ అనుకూలంగానే ఉంది. దాక్కున్న సంగతి బయటపడదు, ఇళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, పోయి వండుకోవచ్చు. పేటా ఆఫీసూ ఒకే మాట మీద నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి.

అప్పుడు కూర్మయ్య ముందుకు వచ్చాడు. "బాబుగారూ, మా సందులో పదకొండు మంది మిగిలిపోనారండి. నాను గీతలు పెట్టినాను, ఈవిడ సూసింది. నానిప్పుడు మార్సి సెప్తే రేపణ్ణించి నా ఎనకే తిరుగుద్దండి ఈవిడ."

ఆ మాటలో అసిరమ్మ మీద అభిమానమేమీ లేదు, విసుగు ఉంది. కానీ అది విని మిగతా మూడు జంటలూ తమ కాగితాలు తెచ్చి పెట్టాయి. మొత్తం నలభై ఒక్క మంది. వాళ్ళలో మంచం దిగలేనివాళ్ళే తొమ్మిది మంది. ఈ తొమ్మిది మంది మాట అర్జీ రాసినప్పుడు నాకూ తట్టలేదు. అధికారి ఆ గీతలు లెక్కపెట్టి, రాసింది కొట్టేసి, ఫ్యాక్టరీ గేటు ముందు నుంచి చుట్టు తిరగాల్సి వచ్చిన సంగతితో సహా మళ్ళీ రాశాడు. మిగిలిపోయినవాళ్ళ పేర్లు మాత్రం రాయనన్నాడు. "పంతులు పేరు రాయండి," అంది అసిరమ్మ. రాశాడు.

ఆ కాగితం ఎన్ని బల్లల మీద తిరిగిందో తెలియదు. మూడు నెలలకు బడి గోడ పగలగొట్టి గేటు పెట్టారు. మంచాన ఉన్నవాళ్ళ కోసం సందుకొక తోపుడు బండి ఇచ్చారు. గోడ పగలగొట్టడానికి బుల్డోజరు వచ్చిన రోజున పేట ఆడవాళ్ళంతా పని మానుకుని, అది తిరిగి వెళ్ళేదాకా ఎవరి గుమ్మంలో వాళ్ళు కూర్చున్నారు. పట్టాలు రాలేదు.

ఆ శ్రావణంలో గేసు నిజంగానే వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ. కూత మొదలయ్యేసరికే గాలి ఘాటెక్కింది. జనం ముఖాలకు తడిగుడ్డలు కట్టుకుని గోడ గేటు వైపు పరుగెత్తారు. పోలయ్యను బండి మీద ఎక్కించి నా చేతికి అప్పగించి, అసిరమ్మ సందు మొదట్లో నిలబడింది. కూర్మయ్య సైకిలు మీద వచ్చాడు. ఒకరినొకరు పలకరించుకోలేదు. అతను చూసిన ఇల్లు ఆవిడ మళ్ళీ చూసింది, ఆవిడ చూసిన ఇల్లు అతను మళ్ళీ చూశాడు. మొత్తం పదమూడు నిమిషాలు పట్టింది. అందరికన్నా ఆఖర్న, కళ్ళు వాచిపోయి దగ్గుకుంటూ, వాళ్ళిద్దరూ గేటు దాటారు. పేటలో ఎనభై రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. ఇళ్ళలో ఎవరూ మిగల్లేదు.

గురువుగారు అక్కడితో ఆపారు.

దామోదరం ముఖం తేటపడింది. "అయితే చివరికి వాళ్ళిద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరిందన్నమాట," అన్నాడు.

"నమ్మకం కుదిరిందని నేననలేదు నాయనా," అన్నారు గురువుగారు. "ఇళ్ళలో ఎవరూ మిగల్లేదన్నాను."