కానుగాకు

సుంకులమ్మ రాబోయే సంవత్సరాన్నంతా ఒక్క కాగితం మీద కట్టిపడేసింది.

చిన్న కాగితం కాదు. నాలుగు డ్రాయింగు షీట్లు గంజి పెట్టి అతికించింది. పది నెలలు, ఆరు సబ్జెక్టులు, నాలుగు రంగుల ఇంకు. పొద్దున ఐదింటికి లేవడం దగ్గర్నుంచి రాత్రి ఎనిమిదింటికి ఎక్కాలు అప్పజెప్పడం దాకా గడి గడికీ ఒక పని. ఖాళీ గడి ఒక్కటి లేదు. ఖాళీ ఉంటే పిల్ల చెడిపోతుందని ఆమె నమ్మకం.

పిల్ల పేరు నాగవేణి. పదిహేనేళ్లు. అక్షరాలు దాని కంటికి కుదురుగా నిలబడవు. ఒక వరుస చదివేలోపు కింది వరుస పైకొస్తుంది. అంకెలు ఒకదాని చోట ఒకటి కూర్చుంటాయి. బడివాళ్లు ఆరేళ్లు దాన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టి, ఏడో ఏట "మా వల్ల కాదమ్మా" అన్నారు. ఆ ముక్క తెలుసుకోవడానికి అంత చదువుకున్నవాళ్లకు ఆరేళ్లు పట్టింది. మొద్దు అనే పేరు మాత్రం పిల్లకు పెట్టారు.

కర్నూలు డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, "తెలివికేం లోటు లేదు, చదవడం రాయడం దగ్గరే చిక్కు. ఇంట్లో నిదానంగా చెప్పుకోండి, ఓపెన్ స్కూల్లో పది కట్టించండి" అంది.

సుంకులమ్మకు "ఇంట్లో" అన్నది వినపడింది. "నిదానంగా" అన్నది వినపడలేదు.

వినపడదు మరి. ఏడో తరగతిలో తన చదువు మాన్పిస్తే, లైబ్రరీ బీరువాలు ఖాళీ చేసి, పెళ్లయ్యాక పరీక్షలు కట్టి, చంకలో పిల్లతోనే డిగ్రీ తెచ్చుకున్న మనిషి. గట్టిగా కూచుంటే రానిదంటూ ఉంటుందని ఆమెకు ఎవరూ నచ్చజెప్పలేరు.

జూన్ పన్నెండున, ఊరి బడి తెరిచిన రోజే, ఇంటి బడీ తెరిచింది. పీరియడు పీరియడుకూ స్టీలు పళ్లెం మీద గరిటెతో గంట కొట్టింది.

నాలుగో రోజు, మూడో గంటకు, నాగవేణి పుస్తకం మూసేసింది.

"నువ్వు కూడా బడివే అయిపోయినావు మా" అంది.

అంతే. ఆ తర్వాత కూచోలేదు. తిట్టినా కూచోలేదు, బతిమాలినా కూచోలేదు.

పిల్ల తండ్రి గడువు పెట్టాడు. "ఈ నెలాఖరుదాకా చూస్తా. కూచోకపోతే హాస్టలు బడిలో వేసొస్తా." ఆ రోజు పిల్ల అన్నం ముట్టలేదు. నెలాఖరుకు ఇంక ఐదు రోజులుందనగా, బేస్తవారం పొద్దున, సుంకులమ్మ కాగితం చుట్టి చంకలో పెట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని, తుంగభద్ర ఒడ్డుకు మౌలాలి తాత దగ్గరికి వచ్చింది.

తాత ఫకీరు. రేవు పక్కన కానుగచెట్టు కింద గుడిసె. గుడిసె ముందు బోర్లించిన పుట్టి. వెదురుతో అల్లి తారు పూసిన ఆ గుండ్రటి పుట్టిలో జనాన్ని ఏరు దాటిస్తాడు, తీరికున్నప్పుడు కళ్లు మూసుకుని కూచుంటాడు. పన్నెండేళ్లుగా ప్రతి బేస్తవారమూ సుంకులమ్మ ఆయన దగ్గర కాసేపు కూచుని పోతుంది. ఊళ్లో ఎవరి మాటా చెవిన పెట్టని మనిషి ఆయన మాటకు మాత్రం తల వంచుతుంది. అదీ ఒకసారి ఎదురు చెప్పాకే.

తాత కాగితాన్ని నేలమీద పరిపించి చుట్టూ తిరిగి చూశాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. రంగులు చూశాడు.

"బాగుంది మా. ముగ్గు మాదిరుంది."

"ముగ్గు కాదు తాతా, ప్లాను."

"ఈ ఎర్ర గడి ఏంది?"

"ఆగస్టు మూడో వారం. ఇంగ్లీషు గ్రామరు."

"ఆ వారం పిల్లకు జ్వరమొస్తే?"

"రాదు."

"వస్తే?"

"ఆ వారం ఖాళీ లేదు తాతా."

తాత గడ్డం గోక్కున్నాడు.

"ఇందులో తప్పుంటే చెప్పు, దిద్దుకుంటా" అంది సుంకులమ్మ. "లేదంటే ఆ పిల్లకు చెప్పు, కూచోమని. నీ మాట వింటాది. అదిగో చూడు, అదీ దాని పని."

నాగవేణి నీళ్ల అంచున నిలబడి, కానుగాకులు ఒక్కొక్కటే ఏట్లోకి విసురుతూ ఉంది. విసిరిన ఆకు పక్కనే నాలుగడుగులు నడుస్తుంది, ఆగుతుంది, మళ్లీ ఇంకోటి విసురుతుంది.

తాత తప్పూ చెప్పలేదు, పిల్లకూ చెప్పలేదు. కాగితం గాలికి పోకుండా మీద ఒక రాయి పెట్టాడు. గుడిసెలోకి పోయి చిన్న సీసా తెచ్చి సుంకులమ్మ చేతిలో పెట్టాడు.

"అవతలి గట్టున చింతచెట్టు కింద ఓబులమ్మ ఉంటాది. మేక కాలికి పుండంట. ఈ నూనె ఇచ్చి రావాల. నువ్వు తెడ్డెయ్యి."

"నేనా? నాకు యాడొస్తాది తాతా?"

"పన్నెండేళ్లుగా ఈ పుట్టిని చూస్తానే ఉన్నావు కదా మా."

పరీక్ష అనుకుంది సుంకులమ్మ. పరీక్షలంటే ఆమెకు భయం లేదు. చీర కొంగు బిగించింది. ముగ్గురూ పుట్టిలో కూచున్నారు. అవతల చింతచెట్టు నేరుగా ఎదురుగా కనబడుతూంది. దానిమీదే చూపు నిలిపి, పళ్లు బిగబట్టి, తెడ్డు వేసింది.

కొత్తనీళ్లు. ఎర్రగా, తొందరగా పోతున్నాయి. ఆమె చెట్టువైపు ఒక బార ముందుకు లాగితే, ఏరు రెండు బారలు దిగువకు లాగింది. ఆమె ఇంకా గట్టిగా వేసింది. పుట్టి గిర్రున తిరిగింది. చెట్టు ఒకసారి ముందుంది, ఒకసారి వెనకుంది, ఒకసారి యాడుందో ఆ దేవుడికే తెలియాలి. తాత మోకాళ్లు చుట్టుకుని, పెళ్లిబండిలో కూచున్నవాడిలా కూచున్నాడు.

చివరికి పుట్టి వెళ్లి చింతచెట్టుకు బాగా దిగువన, కంపచెట్లలో ఇరుక్కుంది.

కిసుక్కుమని నవ్వింది నాగవేణి. పది రోజుల తర్వాత మొదటి నవ్వు. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వవే, నవ్వు" అంది సుంకులమ్మ, మోచేతిలో దిగిన ముల్లు పీక్కుంటూ. "నేను చెట్టుమీద నుంచి చూపు తిప్పలేదు తాతా. ఏరే పక్కకు లాగేసింది."

"ఔ" అన్నాడు తాత. "ఏరు ఉంది కదా."

పుట్టిని గట్టు వెంబడి తోసుకుంటూ చింతచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఓబులమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉంది.

"ఏం మా, కర్నూలు చూసొచ్చినావా?"

"నూనె తీసుకో, నోరు మూసుకో" అని సీసా ఇచ్చింది సుంకులమ్మ.

తాత తెడ్డు తీసి నాగవేణి చేతికిచ్చాడు. "ఇంటికి నువ్వు తీసుకపో."

"దానికా!" సుంకులమ్మ తెడ్డు వెనక్కి లాక్కోబోయింది. "దానికి కుడి ఏదో ఎడమ ఏదో కూడా తెలీదు తాతా. డాక్టరమ్మే రాసిచ్చింది."

తాత వినపడనట్టు ఆకాశం చూశాడు.

నాగవేణి పుట్టి ఎక్కలేదు. చున్నీ కొసకు కట్టుకున్న ముడి విప్పింది. లోపల కానుగాకులు. ఒకటి తీసి నీళ్లలో వేసి, దాని పక్కన నడిచింది. ఆగింది. రేవువైపు చూసింది. ఇంకొకటి, ఈసారి కొంచెం దూరంగా విసిరింది. ఆ ఆకు మరీ జోరుగా పోయింది. లెక్కపెడుతున్నట్టు పిల్ల పెదవులు కదిలాయి. తర్వాత పుట్టి అంచు పట్టుకుని ఎగువకు లాగడం మొదలుపెట్టింది.

తాత వెనక నుంచి తోశాడు. సుంకులమ్మ వాళ్ల వెనక నడిచింది. చింతచెట్టు వెనకబడింది. ఏటికి అవతల కనబడే తాత రేవూ వెనకబడింది. ఇంకా పోతూనే ఉంది పిల్ల.

"రేవు దాటిపోయినావే! తాత గుడిసె అదిగో, అక్కడ!"

"ఊరుకో మా."

తల్లితో ఆ గొంతుతో అది ఎప్పుడూ మాట్లాడలేదు. సుంకులమ్మ ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు కొత్త.

ఒక బండరాయి దగ్గర నాగవేణి ఆగింది. ఇంకో ఆకు వేసి చూసింది. తల ఊపింది. "ఎక్కండి" అంది.

బలంగా తెడ్డెయ్యలేదు. ముందుకు వంగి, ఒకసారి ఇటు, ఒకసారి అటు, పుట్టి తిరగకుండా పట్టుకున్నట్టు వేసింది. నడిమి ఏట్లో జోరుకు దిగువకు పోతున్నా కంగారుపడలేదు, పోనిచ్చింది. కాసేపు సుంకులమ్మ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఒడ్డు దగ్గరికి వస్తూంది. పుట్టి వచ్చి రేవులో, తాత రోజూ కట్టే గుంజకు మెత్తగా ఆనుకుంది.

తాత దిగి పుట్టిని గుంజకు కట్టాడు.

"ఎవరు నేర్పినారే?" అడిగింది సుంకులమ్మ.

"ఎవరూ నేర్పలే. చూసినా."

"ఎప్పుడు?"

"బేస్తవారం బేస్తవారం నువ్వు తాతతో మాట్లాడుతుంటే, నేను యాడుంటా అనుకున్నావు?"

సుంకులమ్మ పుట్టి దిగింది.

గుడిసె ముందు కాగితం రాయి కింద అట్లాగే ఉంది. ఎండకు గంజి విడిపోయి ఒక అంచు లేచింది. సుంకులమ్మ దాన్ని చుట్టింది.

"తాతా, ఎక్కడ మొదలుపెట్టాల నేను?"

తాత కానుగ కొమ్మ వంచాడు. ఒక ఆకు తుంచి ఆమె అరచేతిలో పెట్టాడు. గుడిసెలోకి పోయి నమాజు చాప పరుచుకున్నాడు.

ఇంటిదారిలో ఎప్పుడూ సుంకులమ్మే ముందు నడుస్తుంది. ఆ రోజు పిల్ల ముందుంది. కాలువ గట్టు దాటాక అది వెనక్కి తిరగకుండానే అడిగింది.

"రేపు పళ్లెం కొడతావా మా?"

"పళ్లెం అన్నం తినేదానికే."

ఇంకొంత దూరం నడిచారు. నాగవేణి నడక నిదానించింది. తల్లి పక్కకు వచ్చింది.

"నీళ్లు ఎంత జోరుగా పోతాయో లెక్క కట్టొచ్చంట కదా. అట్లాంటి పాఠం ఉందా?"

"ఉంది. వేగం అంటారు."

"నువ్వు చదివి చెప్పు, నేను వింటా. అది ఏ నెలలో పెట్టినావు?"

కాగితం విప్పాల్సిన పని లేదు. గడి గడీ సుంకులమ్మకు కంఠస్థం. ఫిబ్రవరి, రెండో వారం, నీలం ఇంకు.

గుప్పిట్లో ఆకు చెమటకు తడిసి ఉంది.

"రేపు" అంది.