సంతకానికి పడిన శిక్ష

ఆ ఊళ్లో పడవ ఏట్లోకి దిగాలంటే భానోజీరావు సంతకం కావాలి. ఆయన పడవల తనిఖీ అధికారి.

కొలువులో చేరిన మొదటి ఏడు రేవుకి వెళ్లి నాలుగు పడవలు చూశాడు. చెప్పులకి బురద అంటింది. ఆ తర్వాత వెళ్లలేదు. కాగితాలే ఆయన బల్ల మీదికి వచ్చేవి. రేవు గుత్తేదారు కాగితంతోపాటు బుట్టెడు చేపలు పంపేవాడు. భానోజీరావు చేపలు చూసి, 'పడవ గట్టిగా ఉంది' అని రాసి సంతకం పెట్టేవాడు. ఆ సంతకం చూడముచ్చటగా ఉండేది. 'భా' దీర్ఘం గొడుగులా విచ్చుకునేది. చివర 'వు' కొమ్ము కాగితం అంచుదాకా సాగి వెనక్కి తిరిగేది.

శ్రావణంలో ఒక గట్టి పడవ నడి ఏట్లో రెండుగా విడిపోయింది. తొమ్మిది మంది పోయారు. పోయినవాళ్లలో తెడ్డు వేసేవాడు పోలమ్మ మొగుడు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన చెక్కని పోలమ్మ చేత్తో నలిపింది. అది అటుకుల్లా రాలింది. ఆ పిడికిలి విప్పకుండానే ఆమె కోర్టుకి వచ్చింది.

గుత్తేదారు అప్పటికే పరారీ. బోనులో భానోజీరావు ఒక్కడే నిలబడ్డాడు. ఆయన ప్లీడరు లేచి గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, నా కక్షిదారు ఏమీ చెయ్యలేదు. మా వాదన అంతా అదే. ఆయన పడవ చూడలేదు, ముట్టుకోలేదు, కాగితమైనా చదవలేదు. పడవని ఏట్లోకి దింపింది సంతకం. ఆ సంగతి ప్రభుత్వం వారే రుజువు చేశారు."

జడ్జిగారు చట్టం పుస్తకం తిరగేశారు. నేరం ఎవరు చేస్తే శిక్ష వారికే అని అందులో ఉంది. సంతకం అయితే మినహాయింపు అని ఎక్కడా లేదు. ఆయన చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు.

"సంతకానికి ఏడేళ్ల కఠిన శిక్ష. భానోజీరావు నిర్దోషి."

"అయితే మా ఆయన్ని ముంచీసింది అచ్చరాలా బాబూ?" అంది పోలమ్మ.

"చట్టప్రకారం అంతేనమ్మా," అన్నారు జడ్జిగారు. ఆయన ముఖం మాత్రం ఎటో తిప్పుకున్నారు.

ఇద్దరు జవాన్లు కాగితం మీది సంతకాన్ని లేవదీశారు. బేడీలో ఒక కడియం 'భా' మెడకి, రెండోది 'వు' కొమ్ముకి తగిలించి నడిపించుకుపోయారు. భానోజీరావు ఊరంతా మిఠాయి పంచాడు.

మర్నాడు ఆఫీసులో హాజరు పట్టీ మీద కలం ఆడించాడు. గీత పడలేదు. కలం మార్చాడు, సిరా మార్చాడు. చాకలి పద్దు రాస్తే పడింది. తన పేరు రాస్తే మాత్రం కాగితం తెల్లగా ఉంది.

"వేలిముద్ర వేస్తానయ్యా," అన్నాడు గుమాస్తాతో.

"చదువుకున్నవారు వేలిముద్ర వేస్తే మోసం కిందికి వస్తుందండి."

"పోనీ, కొత్త సంతకం నేర్చుకుంటాను."

"నేర్చుకోండి. పాత మీరూ కొత్త మీరూ ఒకరేనని ఒక కాగితం తెండి. కింద మీ పాత సంతకం ఉండాలి."

నెల తిరక్కుండా కొలువు పోయింది. రాజీనామా ఇవ్వడానికి సంతకం లేదు కనక, ఆయన అసలు చేరనేలేదని రాసుకున్నారు. భార్య సుభద్ర నెల్లాళ్లు ఓపిక పట్టింది. రేవులో నీళ్లకి వెళితే ఎవరూ పలకరించేవారు కాదు. ఒక ఉదయం మూట కట్టుకుని అవతలి ఒడ్డున ఉన్న అన్నగారింటికి వెళ్లిపోయింది. ఆయన వెంట వెళ్లబోయాడు. ప్రమాదం తర్వాత పడవ ఎక్కేవాళ్లంతా రేవు పుస్తకంలో సంతకం పెట్టాలని కొత్త నిబంధన వచ్చింది. ఆయన ఒడ్డునే ఉండిపోయాడు.

జైలుకి వెళ్లి బతిమాలాడు. "నా సంతకాన్ని ఒక్క పూట పంపండి. మళ్లీ నేనే తెచ్చి దిగబెడతాను."

"ముందు చూడ్డానికి వచ్చినట్టు ఇక్కడ సంతకం పెట్టండి," అన్నాడు జైలరు.

"పోనీ, నన్నూ లోపల వేసుకోండి."

"నిర్దోషిని లోపల వేస్తే నా ఉద్యోగం ఊడుతుంది. మీ ఇష్టప్రకారమే అని అర్జీ పెట్టుకోండి, చూద్దాం." అని నాలిక కరుచుకున్నాడు. "అర్జీకీ సంతకం కావాలి కదూ!"

సంతకం చేసే కఠిన శిక్ష ఏమిటంటే, రోజూ తెల్లారగానే రేవుకి వెళ్లి ప్రతి పడవ కిందా పాకాలి. చెక్క చెక్కా తట్టాలి, సందుల్లో కుక్కిన నార పీకి చూడాలి. బాగుందని చెప్పిన పడవలో మొదటి ప్రయాణం అదే చెయ్యాలి. మొదటి ఏడు అది రెండుసార్లు మునిగింది. గొడుగులాంటి దీర్ఘం నలిగిపోయింది. కొమ్ము అరిగి పొట్టిదయింది. మూడో ఏటికి తట్టిన చప్పుడుని బట్టి చెక్క వయసు చెప్పగలిగేది. మొగుడి తెడ్డు అందుకున్న పోలమ్మ మొదట దాని మొహం చూసేది కాదు. అయిదో ఏట, "సలేస్తోందేటి?" అని అడిగి తన గొంగళి కొస కప్పింది.

ఏడేళ్లు నిండిన రోజు భానోజీరావు పూలదండ, సిరాబుడ్డి పట్టుకుని జైలు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సంతకం బయటికి వచ్చింది. సన్నగా, నిటారుగా, పసిపిల్లల రాతలా ఉంది. ముందు ఆయన పోల్చుకోలేదు.

"రా, ఇంటికి పోదాం," అన్నాడు.

"నా శిక్ష అయిపోయింది," అంది సంతకం. "మీది?"

"నాకు శిక్షేమిటి? నేను నిర్దోషిని కదా!"

"అదే. మీరు చెయ్యని పనికి నేనెందుకు?" అని అది రేవు వైపు నడిచింది. ఆయన దండ పారేసి వెంట పరుగెత్తాడు.

రేవులో పోలమ్మ కొత్త పడవ సిద్ధంగా ఉంది. సంతకం దాని చుట్టూ ఒకసారి తిరిగి, ముందుకొనకి ఎక్కి చెక్కలో ఇంకిపోయింది. అవతలి ఒడ్డున గొడుగు వేసుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నడుం మీద చెయ్యి పెట్టుకున్న తీరు సుభద్రదే.

"పోలమ్మా, నన్ను ఆ ఒడ్డుకి చేర్చవా?"

పోలమ్మ ఆయన్ని తేరిపార చూసింది. "ఎక్కండి బాబూ. పుస్తకంలో సంతకం అక్కర్నేదు. మీ సంతకం పడవ మీదే ఉంది గదా."

ముసలమ్మ ఒకత్తి ఎక్కింది. మేకపిల్లతో ఒకాయన ఎక్కాడు. భానోజీరావు పంచె ఎగగట్టి కాలు ఎత్తాడు. ఎత్తి, ఆగాడు.

"పడవ గట్టిదేనా?"

"సూసుకోండి, రాసే ఉంది."

ఆయన వంగి ముందుకొన మీద ఉన్నది చదివాడు. 'భానోజీరావు' అని ఉంది. ఇంకోసారి చదివాడు.

ఎత్తిన కాలు మెల్లగా వెనక్కి తీసుకుని బురదలో పెట్టాడు.

పోలమ్మ ఇంకాస్త చూసి తెడ్డు వేసింది. పడవ నిక్షేపంగా అవతలి ఒడ్డుకి చేరింది.